మాగ్నెటో బండికి కిల్ స్విచ్: ఉంచాలా, పీకేయాలా?

గోల్డెన్‌ఫ్లాష్58:
నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటాను, 1958 బీఎస్ఏ ఏ10 గోల్డెన్ ఫ్లాష్ మోటార్‌సైకిల్ నడుపుతున్నాను, ఈ బండి పుట్టిన స్మాల్ హీత్ మా ఇంటికి దగ్గరే. పోయిన ఆదివారం రౌండెబౌట్ దగ్గరికొస్తూ థ్రాటిల్ వదిలాను, ఇంజన్ మాత్రం తగ్గలేదు. కార్బురేటర్‌లో ఇంజన్‌కి గాలి వదిలే స్లైడ్ సగం తెరుచుకుని అక్కడే పట్టేసింది. క్లచ్ పట్టగానే ఇంజన్ గోల పెట్టేసింది. హ్యాండిల్ మీదున్న కటౌట్ బటన్, అదే ఇంజన్ ఆపే కిల్ స్విచ్, నొక్కాను, ఆగలేదు, మళ్ళీ నొక్కాను, ఆగలేదు. చివరికి టాప్ గేర్‌లోనే ఉంచి రెండు బ్రేకులూ గట్టిగా పట్టి క్లచ్ వదిలేస్తే దడదడలాడి ఆగింది. ముందున్న కారుకీ నా చక్రానికీ మధ్య జానెడు జాగా కూడా లేదు.

ఇంటికొచ్చి చూస్తే బటన్ బాగానే ఉంది. దాన్నుంచి స్పార్క్ పుట్టించే మాగ్నెటోకి వెళ్ళే వైరు, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా అటూ ఇటూ వంగే చోట, పైన తొడుగు మీద గీత కూడా లేదు కానీ వేళ్ళ మధ్య పెట్టి వంచితే ఆ ఒక్క చోట దారంలాగా మెత్తగా మడత పడిపోయింది. కోసి చూశాను, లోపల రాగి పోగులన్నీ తెగిపోయి నల్లబడి ఉన్నాయి. స్లైడ్ పట్టేయడం మాత్రం పూర్తిగా నా తప్పు, కార్బురేటర్‌ని ఇంజన్‌కి పట్టి ఉంచే ఫ్లాంజ్ నట్లు మరీ బిగించేశాను, బాడీ వంగింది.

తెలియనివాళ్ళ కోసం: ఇందులో ఉన్నది లూకాస్ కే2ఎఫ్ మాగ్నెటో. స్పార్క్‌కి బ్యాటరీ అక్కర్లేదు, ఇంజన్ తిరిగినంతసేపూ తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. తీసి ఆపడానికి తాళంచెవి కూడా ఉండదు. ఆపాలంటే పాయింట్లను, అంటే తెరుచుకున్నప్పుడల్లా స్పార్క్ పుట్టించే చిన్న కాంటాక్టులను, ఎర్త్‌కి కలపాలి, బటన్ చేసేది అదే. ఇప్పుడు కొత్త వైరు, గట్టి స్విచ్ పెడదామనుకుంటుంటే మా క్లబ్బులో సగం మంది ఉన్నది కూడా పీకేయమంటున్నారు. మీరేమంటారు?

పాతమాగ్నెటో:
పీకేయమనేవాళ్ళలో నేనూ ఒకణ్ణి తమ్ముడూ. ముప్పై ఏళ్ళుగా పాత ట్రయంఫ్‌లు నడుపుతున్నాను. నీ వైరు తెగింది కాబట్టి ఇంజన్ ఆగలేదు. అదే వైరు ఒరుసుకుని ఫ్రేముకి తగిలితే ఇంజన్ అసలు స్టార్టే కాదు, నా అనుభవంలో ఇదే ఎక్కువ. ఒకసారి వేల్స్ కొండల్లో వానలో నాకిదే జరిగింది. రెండు గంటలు ప్లగ్గులు మార్చాను, పాయింట్లు తుడిచాను, కార్బురేటర్ విప్పి మళ్ళీ బిగించాను, ఇంకేం మిగిలిందా అని చూసి మాగ్నెటో మూత దగ్గర ఆ సన్న వైరు లాగేశాను. ఒక్క కిక్కుకే అందుకుంది. మాగ్నెటోని నమ్ముకునేదే దానికి ఇంకేమీ అక్కర్లేదని కదా, అలాంటప్పుడు దాని గొంతు మీద అరవై ఏళ్ళ నాటి వైరు ఒకటి పెట్టడం ఎందుకు? ఐడిల్ తక్కువగా పెట్టుకో, గేరులో ఉంచి బ్రేక్ పట్టి ఆపు. నువ్వు ఆ రోజు ప్రాణం కాపాడుకున్నదీ అలాగే కదా.

మెరిడెన్73:
పాతమాగ్నెటో గారితో ఏకీభవిస్తాను, నాది కాయిల్ ఇగ్నిషన్ అయినా. 1973 ట్రయంఫ్ టీ140. మా బండ్లలో కిల్ స్విచ్ అంటే బ్యాటరీ నుంచి కాయిల్‌కి వెళ్ళే కరెంటుకి మధ్యలో పెట్టిన గేటు, దాన్ని దాటిన తర్వాతే తెలుపు-పసుపు వైరు కాయిల్ దాకా వెళ్తుంది. ఏ45 రోడ్డు మీద వానలో లారీని దాటుతుండగా ఇంజన్ చచ్చిపోయింది. వెనకాల వ్యాను, పక్కన లారీ చక్రాలు, నా చేతిలో మూగబోయిన బండి, ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. స్విచ్‌లోకి నీళ్ళు దిగాయి. మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, కాయిల్ దగ్గర 11.1, మిగతాది తుప్పు పట్టిన ఆ కాంటాక్టులు తినేస్తున్నాయి. తీసేసి వైరు నేరుగా కలిపేశాను, అప్పట్నుంచి మిస్ ఫైర్ లేదు.

వైరింగ్_డెర్బీ:
ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ రెండు వేరు వేరు సంగతుల్ని ఒకే గాట కడుతున్నారు, ప్రమాదం అక్కడే ఉంది. కాయిల్ బండిలో స్విచ్ తెరిస్తే, అంటే కరెంటు దారి తెగితే, ఇంజన్ ఆగుతుంది. మాగ్నెటోలో స్విచ్ మూస్తే, అంటే ఎర్త్‌కి దారి కలిస్తే, ఆగుతుంది. కాయిల్ బండిలో వైరు తెగితే మీరు రోడ్డు మీద ఆగిపోతారు, మాగ్నెటోలో తెగితే మీకు తెలియనే తెలియదు, అవసరం పడ్డ రోజున బయటపడుతుంది. ఫ్లాష్ గారికి జరిగింది సరిగ్గా అదే. మెరిడెన్ గారికి రిలే సరిపోయేది, కాయిల్ కరెంటు రిలే గుండా వెళ్తుంది, హ్యాండిల్ మీద స్విచ్ రిలేని ఆడించే కొద్దిపాటి కరెంటే మోస్తుంది.

ఇంకోటి చాలామంది చేసే పొరపాటు. ఈ కాలపు బండి నుంచి ఊడదీసిన రన్-ఆఫ్ స్విచ్ తెచ్చి మాగ్నెటో వైరుకి అలాగే బిగిస్తారు. అది రన్‌లో మూసి ఉంటుంది, ఆఫ్‌లో తెరుచుకుంటుంది, అంటే రన్‌లో పెడితే స్పార్క్ రాదు, ఆఫ్‌లో పెడితే బండి నడుస్తుంది! కంగారులో ఎవరి చెయ్యి ఎటు పోతుంది? మాగ్నెటోకి నొక్కినప్పుడే మూసుకునే బటన్ కావాలి. ఆ వైరుకి బ్యాటరీ కరెంటు ఎక్కడా తగలకూడదు. తొడుగు కూడా మంచిది వాడండి, పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా అందులో వందల వోల్టులు లేస్తాయి, పగిలిన చోట చెయ్యి పడితే జిల్లుమంటుంది.

ఎర్త్ కోసం హ్యాండిల్‌ని నమ్ముకోవద్దు. పెయింటు, గ్రీజు, స్టీరింగ్ బేరింగులు, ఇవన్నీ దాటి కరెంటు ఇంజన్‌కి చేరాలి. రెండో వైరు ఒకటి బటన్ నుంచి నేరుగా ఇంజన్‌కి లాగండి.

బెజవాడ_బుల్లెట్:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి అన్నా. మా నాన్నగారి పాత బుల్లెట్, మద్రాసులో తయారైనది, ఇప్పటికీ నడుస్తుంది. హ్యాండిల్ మీద కిల్ స్విచ్ లేనే లేదు, ఇంటి గేటు దగ్గర సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెషర్ లివర్ నొక్కితే తుస్సుమని ఆగేది, ఆ చప్పుడు వింటే అమ్మ తలుపు తీసేది. తాళంచెవి ఉన్నా ఆయన చెయ్యి ముందు ఆ లివర్ మీదికే పోయేది. ఎప్పుడూ దాంతోనే ఆపడం వల్ల హెడ్‌లో ఉండే ఆ చిన్న వాల్వు లీకవడం మొదలైంది, అది వేరే కథ. ఏ10కి అలాంటిది ఉండదా?

వైరింగ్_డెర్బీ:
ఉండదు తమ్ముడూ, ఏ10 ట్విన్, రెండు సిలిండర్ల బండి. బీఎస్ఏ ఒక్క సిలిండర్ బండ్లలో, అంటే బీ31, గోల్డ్ స్టార్ లాంటివాటిలో, ఎగ్జాస్ట్ వాల్వుని ఎత్తిపట్టే లివర్ ఉంటుంది, వైరు తెగినా దాంతో ఆపేయొచ్చు. ట్విన్‌కి ఆ దారి లేదు కాబట్టే బటన్ పీకొద్దనేది.

పాతమాగ్నెటో:
గేరులో ఆపడం నేర్చుకున్నవాడికి ఏ లివరూ అక్కర్లేదు.

గోల్డెన్‌ఫ్లాష్58:
పాతమాగ్నెటో గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. ఆ రోజు గేరులో ఆగింది కాబట్టి సరిపోయింది, నేనప్పటికి నేరుగా వెళ్తున్నాను. అదే తడి రోడ్డు మీద బండి వంచి మలుపులో ఉన్నప్పుడు జరిగి ఉంటే, బ్రేకులు పట్టి క్లచ్ వదిలితే వెనక చక్రం జారి కింద పడేవాణ్ణి. బండి పడిపోయి చక్రం గాల్లో తిరుగుతుంటే ఆపేది ఎవరు? స్పీడ్‌వే బైకు రేసుల్లో రైడర్ మణికట్టుకి తాడు కట్టి కటౌట్‌కి తగిలించేది అందుకే, పడితే తాడు లాగేస్తుంది, ఇంజన్ ఆగుతుంది. పైగా నలభై ఏళ్ళు దాటిన బండ్లు పెద్ద మార్పులేమీ చేయకపోతే 2018 మే నుంచి ఎంఓటీ టెస్టుకి, అంటే ఇక్కడ ఏటా బండికి చేసే తనిఖీకి, వెళ్ళక్కర్లేదు. బయటివాళ్ళ కన్ను మన బండి మీద ఏడాదికోసారైనా పడే రోజులు పోయాయి, చూసుకుంటే మనమే చూసుకోవాలి.

మీరు చెప్పిన వేల్స్ సంగతి మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంది. అందుకే నిన్న సాయంత్రం ఇలా చేశాను: సన్న పోగులున్న మెత్తటి వైరు, స్టీరింగ్ దగ్గర బిగుతుగా కాకుండా వెడల్పుగా చుట్టు వదిలి కట్టాను, ఇంజన్‌కి వేరే ఎర్త్ వైరు లాగాను. మాగ్నెటోకి ఓ బెత్తెడు దూరంలో లాగితే ఊడొచ్చే బుల్లెట్ కనెక్టర్ పెట్టాను. వైరు ఎక్కడైనా ఫ్రేముకి తగిలి ఇంజన్ మొరాయిస్తే గ్లౌజు తీయకుండానే లాగేసి ఇంటికి రావొచ్చు. మాగ్నెటో మూత లోపల స్ప్రింగ్ కాంటాక్టు కూడా చూశాను, అరిగింది, మార్చాను. ఇక నుంచి గేరులో ఆపడం మానేసి ప్రతిసారీ బటన్‌తోనే ఆపుతాను, అప్పుడు అది పనిచేస్తుందో లేదో రోజూ తెలుస్తుంది.

పాతమాగ్నెటో:
కనెక్టర్ ఆలోచన బాగుంది. ఊడిపోకుండా, చేతికి అందేలా ఎక్కడ పెట్టావో ఒక ఫోటో పెట్టు. నా ట్రయంఫ్ టీ110 వైరు గ్యారేజీలో చుట్ట చుట్టి ఉంది, ఈ శనివారం తీసి చూస్తాను. పెడతానని మాటివ్వడం లేదు.