చర్చి సంస్థలో ఉద్యోగం: విశాఖ నుంచి మెల్‌బోర్న్ వచ్చిన చెల్లెలి ప్రశ్న

నమస్తే అండీ. ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చేశాను. మెల్‌బోర్న్ వచ్చి రెండు నెలలైంది. సోషల్ పాలసీలో, అంటే సంక్షేమ విధానాలు తయారుచేసే చోట, పని చెయ్యాలని కోరిక. చూసిన ఉద్యోగాల్లో సగం చర్చి సంస్థలవే. మేం హిందువులం, అమ్మకి ఒకటే టెన్షన్. నలభై దరఖాస్తులు పెట్టినా ఒక్క పిలుపూ రాలేదు. ఏం చెయ్యమంటారు?

*

చెల్లెమ్మా, ముందు అమ్మ సంగతి చెప్తాను. నేను అలాంటి సంస్థలోనే పదకొండేళ్ళు చేసి, పోయినేడాది వైజాగ్ వచ్చేశాను. ఎం.వి.పి. కాలనీలో మా అమ్మ పక్కన కూర్చునే ఇది రాస్తున్నాను. ఆవిడకీ అదే భయం ఉండేది. ఇన్నేళ్ళలో నా బొట్టు గురించి అడిగినవాళ్ళు లేరు. ప్రార్థనలు చేయించే చాప్లెయిన్ లాంటి కొన్ని పోస్టులకే విశ్వాసం అడుగుతారు, అది ప్రకటనలోనే ఉంటుంది. అక్కడ ప్రభుత్వం చాలా సేవలకి డబ్బిచ్చి ఇలాంటి సంస్థల చేతే చేయిస్తుంది, అందుకే నీకు ఎటు చూసినా అవే కనబడుతున్నాయి.

ఆ దారి ఎంత దూరం పోతుందంటావా? లిన్ హ్యాట్‌ఫీల్డ్ డాడ్స్ గురించి చదువు. యునైటింగ్ చర్చి వాళ్ళ సేవాసంస్థ యునైటింగ్‌కేర్ ఆస్ట్రేలియాకి నేషనల్ డైరెక్టర్‌గా చేశారు. 2010లో గ్రీన్స్ పార్టీ తరఫున సెనేట్‌కి నిలబడి ఓడిపోయారు. 2016లో, ఎదుటి పక్షమైన లిబరల్-నేషనల్ ప్రభుత్వం ఉండగానే, ఆవిణ్ణి ప్రధాని శాఖలో సోషల్ పాలసీ డిప్యూటీ సెక్రటరీగా పెట్టుకున్నారు. మన దగ్గర ఎదుటి పార్టీ నుంచి పోటీ చేసినవాళ్ళకి అలా పిలిచి పదవి ఇస్తారా!

కానీ నువ్వు తిన్నగా పాలసీ ఆఫీసర్ పోస్టులకే దరఖాస్తు పెడుతున్నట్టున్నావు. ముందు ఇలాంటి సంస్థల్లో, లేనివాళ్ళకి సరుకులిచ్చే కౌంటర్ దగ్గర నిలబడు. నేను వాలంటీర్‌గా సరుకుల సంచీలు ఇస్తున్న రోజుల్లో ఒకాయన ప్రతి డబ్బా తిప్పి చూసి, మూతకి రింగు ఉన్నవే ఇమ్మనేవాడు. ఉచితంగా ఇస్తుంటే ఈ ఎంపికలేమిటని లోపల విసుక్కున్నాను. తర్వాత తెలిసింది, ఆయన కారులో పడుకుంటున్నాడు, డబ్బా కోసుకోడానికి ఓపెనర్ కూడా లేదు. ఆ వారమే రిజిస్టర్‌లో ‘వంట చేసుకునే చోటు ఉందా’ అని ఒక గడి గీశాం. ఆర్నెల్లకి మా మేనేజరు ఆ గడిలో లెక్కలు పట్టుకునే ఊరి కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) మీటింగుకి వెళ్ళింది. పాలసీ పని అంటే నాకు అప్పుడే అర్థమైంది.

ఆంగ్లికన్ చర్చి సేవాసంస్థల సమాఖ్య ఆంగ్లికేర్ ఆస్ట్రేలియా ఏటా చేసే అద్దెల సర్వే కూడా చూడు. ఒక వారాంతంలో దేశమంతా ఉన్న అద్దె ప్రకటనలు తీసి, తక్కువ ఆదాయం వాళ్ళు రాబడిలో 30 శాతం దాటకుండా కట్టగల ఇళ్ళు ఎన్నో లెక్కగడతారు. ఇంటర్వ్యూలో దాని గురించి నాలుగు మాటలు మాట్లాడగలగాలి.

రెజ్యూమెలో ‘కె.జి.హెచ్. ఆస్పత్రిలో ఫీల్డ్ వర్క్’ అని వదిలెయ్యకు. ఎన్ని కుటుంబాలని కలిశావు, ఏ పింఛను కాగితం కదిలించావు, అది రాయి.

*

అక్కా, మధ్యలో ఈ తమ్ముడి మాట ఒకటి. బాగా చెప్పారుగానీ వాలంటీర్ పనికి అద్దె ఎవరు కడతారు? చెల్లీ, వారంలో నాలుగు రోజులు వికలాంగుల సపోర్ట్ వర్కర్‌గా చెయ్యి, ఒక్కరోజు కౌంటర్‌కి పెట్టుకో. పిల్లల దగ్గర పనిచేసేవాళ్ళ గతచరిత్ర చూసే వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ విక్టోరియాలో (మెల్‌బోర్న్ ఉన్న రాష్ట్రం) వాలంటీర్లకి ఉచితం. ఉద్యోగానికి మాత్రం డబ్బు కట్టే వేరే కార్డు కావాలి. కారు లైసెన్సు ఆలస్యం చెయ్యొద్దు, నేను చేసి ఏడాది పోగొట్టుకున్నాను.

*

తమ్ముడు చెప్పిందే నయం, నాకప్పుడు మా ఆయన జీతం ఉండేది. ఇంకోటి, సోషల్ వర్కర్ పోస్టులకి చాలాచోట్ల ఎ.ఎ.ఎస్.డబ్ల్యూ. (ఆస్ట్రేలియా సోషల్ వర్కర్ల సంఘం) చేత నీ డిగ్రీ మదింపు అడుగుతారు. ఫీల్డ్ వర్క్ ఎక్కడ, ఎన్ని గంటలు చేశావో యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. మెయిల్ పెట్టి కూర్చుంటే రాదు, మనిషి వెళ్ళి నిలబడాలి. సోమవారం మా మరిది అటే వెళ్తున్నాడు. నీ రోల్ నంబరు, పాసైన సంవత్సరం నాకు విడిగా పంపు, అథరైజేషన్ లెటర్ మీద సంతకం మర్చిపోకు.