భద్రతా సాఫ్ట్‌వేర్‌కు విండోస్ కెర్నల్‌లో చోటు ఉండాలా?

బైట్ బాటసారి:

2024 జూలై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ తయారుచేసే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒకే ఒక్క ఫైలు ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను ఆపేసింది. మన కాలమానం ప్రకారం ఉదయం 9:39కి ఆ ఫైలు విడుదలైంది, 10:57కి దాన్ని వెనక్కి తీసుకున్నారు. అంటే 78 నిమిషాల్లోనే జరగవలసిన నష్టం జరిగిపోయింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అమెరికాలో డెల్టా సంస్థ ఐదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలను రద్దు చేసుకుంది. ఆగిపోయినవి మొత్తం విండోస్ యంత్రాల్లో 1 శాతం కన్నా తక్కువేనని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కాని ఆ కొద్దిపాటి భాగంలోనే ఆసుపత్రులు, బ్యాంకులు, విమానయాన సంస్థలు ఉన్నాయి.

ఇతర సంస్థల భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నల్ నుంచి, అంటే యంత్రం మొత్తాన్ని నడిపే విండోస్ కేంద్ర భాగం నుంచి, బయటకు పంపాలన్నది నా అభిప్రాయం. మామూలు ప్రోగ్రాములో తప్పు దొర్లితే ఆ ప్రోగ్రాము ఒక్కటే మూతపడుతుంది. కెర్నల్‌లో దొర్లితే యంత్రాన్ని మొత్తంగా ఆపేయడం తప్ప విండోస్‌కు వేరే దారి లేదు, ఎందుకంటే చెదిరిన మెమరీతో ముందుకు సాగితే డిస్కులోని సమాచారం కూడా పాడైపోవచ్చు. ఆపిల్ 2019 నాటి మాక్ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ క్యాటలీనాతోనే మాక్‌లో భద్రతా సాఫ్ట్‌వేర్‌కు కెర్నల్ బయట నుంచి పనిచేసే మార్గం చూపింది. మైక్రోసాఫ్ట్ ఆ పని ఇంకా ఎందుకు పూర్తి చేయలేదు?

వేగుచుక్క:

బాటసారి గారి ఆవేదన అర్థమవుతోంది కాని, సూచించిన మందుతో నేను ఏకీభవించలేను. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోలేము కదా.

ఫైళ్లను తెరవకుండా చేసి డబ్బు గుంజే నేటి రాన్సమ్‌వేర్ ముఠాలు ఎలా పనిచేస్తున్నాయో ముందు చూడాలి. యంత్రంలో అడ్మినిస్ట్రేటర్ హక్కులు చేతికి చిక్కగానే, ఏదో ఒక కంపెనీ ఎప్పుడో విడుదల చేసిన, సరైన డిజిటల్ సంతకమే ఉన్నా లోపలొక బలహీనత మిగిలిపోయిన పాత డ్రైవర్‌ను (కెర్నల్‌లో నడిచే ప్రోగ్రామును) వాళ్లు వెంట తెచ్చి లోడ్ చేస్తారు. ఆ బలహీనత ద్వారా కెర్నల్‌లోకి దూరి, అక్కడి నుంచి భద్రతా సాఫ్ట్‌వేర్‌ను చంపేసి, ఆ తర్వాత తీరిగ్గా ఫైళ్లకు తాళం వేస్తారు. దాడి చేసేవాడు కెర్నల్‌లో కూర్చున్నప్పుడు కాపలాదారును బయట నిలబెట్టడం ఏ రకమైన భద్రత?

ఇక జూలై 19న జరిగిన తప్పు ఏమిటో క్రౌడ్‌స్ట్రైక్ ఆగస్టు 6న విడుదల చేసిన విశ్లేషణలోనే వివరంగా ఉంది. దాడి లక్షణాలను వర్ణించే ఒక మూసలో 21 అంశాలు ఉంటాయని నిర్వచించారు, కాని యంత్రంలో నడిచే ఆ సంస్థ ప్రోగ్రాము, అంటే సెన్సర్, ఆ మూసకు అందించినది 20 అంశాలే. అంతకు ముందు పంపిన ఫైళ్లన్నీ 21వ అంశం దగ్గర 'ఏదైనా ఫర్వాలేదు' అనే గుర్తుతోనే వచ్చాయి కాబట్టి దాన్ని చదవవలసిన అవసరం ఎన్నడూ రాలేదు, పరీక్షల్లోనూ లోపం బయటపడలేదు. 291 సంఖ్య గల ఆ ఫైలులో తొలిసారిగా 21వ అంశానికి నిర్దిష్టమైన విలువ కావలసి వచ్చింది. లేని అంశాన్ని వెతుకుతూ సెన్సర్ డ్రైవర్ తనది కాని మెమరీలోకి చెయ్యి పెట్టింది. ఇది పరీక్షించడంలో, పంపిణీలో జరిగిన తప్పు. చోటును నిందించి ప్రయోజనం లేదు.

పాలమూరు అడ్మిన్:

ఆ రోజు పడిన శ్రమ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నిర్ణయాలు తీసుకునేవారికి అది కనపడదు. ఫైలును వెనక్కి తీసుకున్నంత మాత్రాన ఆగిన యంత్రాలు లేవలేదు. ఆ డ్రైవర్ యంత్రం మొదలయ్యేటప్పుడే లోడ్ అవుతుంది కనుక, నెట్‌వర్క్ అందుకునే లోపే చాలా యంత్రాలు మళ్లీ విండోస్ కుప్పకూలినప్పుడు కనిపించే నీలి తెర దగ్గర ఆగిపోయేవి. అందుకే ఒక మనిషి ప్రతి యంత్రం ముందుకూ వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, సిస్టమ్ 32లోని డ్రైవర్స్ ఫోల్డర్‌లో క్రౌడ్‌స్ట్రైక్ పేరుతో ఉన్న చోటికి వెళ్లి, 291 సంఖ్య ఉన్న ఫైలును తీసేయవలసి వచ్చింది. డిస్కుకు బిట్‌లాకర్ అనే విండోస్ ఎన్‌క్రిప్షన్ రక్షణ ఉంటే అంతకంటే ముందు 48 అంకెల రికవరీ కీ టైపు చేయాలి. కొన్ని సంస్థల్లో ఆ కీలు భద్రపరచిన సర్వర్లే నీలి తెరతో ఆగిపోయి ఉన్నాయి.

ఇంకో విషయం. జాగ్రత్తపరులైన కస్టమర్లు సెన్సర్‌ను కావాలనే ఒక వెర్షన్ వెనక ఉంచుకున్నారు. అయినా వాళ్ల యంత్రాలూ పడిపోయాయి. ఆ ఏర్పాటు సెన్సర్ ప్రోగ్రాముకే వర్తించేది, దాడి లక్షణాలను తెలిపే 291 లాంటి ఈ కంటెంట్ ఫైళ్లకు వర్తించేది కాదు. అవి అందరికీ ఒకేసారి వెళ్లేవి. ముందు కొన్ని వందల యంత్రాలకు పంపి ఒక గంట ఆగి చూసి ఉంటే ఈ చర్చే వచ్చేది కాదు.

తీరప్రాంతం:

అందరూ సాంకేతిక కోణం నుంచే మాట్లాడుతున్నారు గాని, దీనిలో పోటీకి సంబంధించిన పెద్ద ప్రశ్న ఉంది. మైక్రోసాఫ్ట్ విండోస్ తయారీదారు మాత్రమే కాదు, డిఫెండర్ పేరుతో భద్రతా సాఫ్ట్‌వేర్‌ను అమ్ముకునే వ్యాపారి కూడా. 2006లో 64 బిట్ల విస్టాలో కెర్నల్‌ను మార్చకుండా అడ్డుకునే ప్యాచ్‌గార్డ్‌ను పెట్టినప్పుడు సిమాంటెక్, మెకాఫీ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థలు గట్టిగా ఎదురు తిరిగాయి. యూరోపియన్ కమిషన్ జోక్యంతో, వారికి కావలసిన ఇంటర్‌ఫేస్‌లు (వారి ప్రోగ్రాములు విండోస్‌తో పనిచేసే మార్గాలు) ఇస్తామని మైక్రోసాఫ్ట్ ఒప్పుకోక తప్పలేదు. 2009లో అదే కమిషన్‌కు రాసిచ్చిన హామీలో, తన భద్రతా ఉత్పత్తులు వాడే ఇంటర్‌ఫేస్‌లనే ఇతరులకూ అందిస్తామని చెప్పింది. 2024లో ఆ సంస్థ ప్రతినిధి ఆ హామీనే చూపిస్తూ, ఆపిల్ లాగా కెర్నల్‌ను మూసే వీలు తమకు లేదన్నారు.

ఆ వాదన నాకు సగమే నిజమనిపిస్తుంది. ఆ హామీ అడిగేది సమానత్వాన్ని. డిఫెండర్‌ను కూడా బయటకు తెచ్చి, బయట నుంచి పనిచేయడానికి సరిపడే ఇంటర్‌ఫేస్‌ను అందరితోపాటు తానూ వాడుకుంటే, హామీని ఉల్లంఘించకుండానే కెర్నల్‌ను ఖాళీ చేయవచ్చు. తాను లోపల ఉండి పోటీదారులను వాకిట్లో నిలబెడితే మాత్రం, నేనైతే క్రౌడ్‌స్ట్రైక్ పక్షానే నిలబడతాను.

బైట్ బాటసారి:

తీరప్రాంతం గారి షరతును పూర్తిగా అంగీకరిస్తున్నాను. వేగుచుక్క గారికి మాత్రం ఒక ప్రశ్న. కెర్నల్ డ్రైవర్‌కు మైక్రోసాఫ్ట్ పరీక్షలు, సంతకం ఎందుకు తప్పనిసరి? అక్కడ నడిచే ప్రతి ఆదేశాన్నీ ఎవరో ఒకరు ముందే చూడాలన్న ఉద్దేశంతోనే కదా. క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవర్ ఆ పరీక్షలు నెగ్గింది, దాని సంతకం సక్రమంగానే ఉంది. ఆ తర్వాత ఆ డ్రైవర్ ఏం చేయాలో నిర్దేశించే ఫైళ్లు, ఆ పరీక్షలతో ఏ సంబంధమూ లేకుండా, దాడుల తీరు మారినప్పుడల్లా యంత్రాల్లోకి వచ్చి చేరుతున్నాయి. వాటిని డేటా అని పిలిచినా, ప్రోగ్రాము నడకను మార్చేవి అవే. కెర్నల్‌లోకి తనిఖీ లేని దొడ్డిదారిని భద్రతా సంస్థలే తెరిచాయన్నది నా అసలు ఫిర్యాదు.

కనుక నా వాదనను కొంచెం సరిచేసి చెబుతాను. కెర్నల్‌లో చిన్న డ్రైవర్ ఉండవచ్చు. అది సంఘటనలను గమనించాలి, ఫలానా దాన్ని ఆపమని చెబితే ఆపాలి, తనను ఎవరూ చంపకుండా కాచుకోవాలి, అంతే. కంటెంట్ ఫైళ్లను చదివి అర్థం చేసుకునే పని మొత్తం బయట మామూలు ప్రాసెస్‌లో జరగాలి. 21వ అంశం దొరకక అది పడిపోయినా దాన్ని మళ్లీ లేపుకోవచ్చు, ఆసుపత్రి కంప్యూటర్ పని ఆగదు.

వేగుచుక్క:

ఈ రూపంలో అయితే నాకు పెద్దగా అభ్యంతరం లేదు, కాని రెండు చిక్కులున్నాయి. ఒక ఫైలు తెరుచుకునే ముందు దాన్ని అనుమతించాలా వద్దా అని ప్రతిసారీ బయటి ప్రాసెస్‌ను అడిగి జవాబు కోసం ఆగితే యంత్రం నెమ్మదిస్తుంది. ఎంత మేరకు నెమ్మదిస్తుందన్నది తయారీదారుల నైపుణ్యం మీద ఆధారపడి ఉంటుంది, అయినా ఖర్చు లేదనలేము. రెండవది, బయటికి తెచ్చినంత మాత్రాన ముప్పు తొలగదు. విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఈబీపీఎఫ్ అనే పద్ధతి ఉంది. అందులో ప్రోగ్రామును కెర్నల్ ముందుగా తనిఖీ చేసి, హాని లేదని తేలితేనే నడవనిస్తుంది. 2024లోనే, జూలై ఘటనకు కొద్ది వారాల ముందు, రెడ్ హ్యాట్ లినక్స్ 9.4లో ఇదే క్రౌడ్‌స్ట్రైక్ సెన్సర్ ఈబీపీఎఫ్ పద్ధతిలో నడుస్తుండగా కెర్నల్ కుప్పకూలింది. అక్కడి లోపం కెర్నల్‌లోనే ఉందని తేలింది. అంటే తనిఖీ చేసేవారిలోనూ తప్పులుంటాయి.

పాలమూరు అడ్మిన్:

అందుకే పంపిణీ క్రమశిక్షణను వదిలేసి చోటు గురించి మాత్రమే మాట్లాడుకోవద్దంటున్నాను. ఘటన తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ కంటెంట్ ఫైళ్లను కూడా దఫాలవారీగా పంపడం మొదలుపెట్టింది, ఎప్పుడు తీసుకోవాలో నిర్ణయించుకునే వీలు కస్టమర్లకు ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ కూడా తనతో కలిసి పనిచేసే భద్రతా సంస్థలకు దఫాలవారీ పంపిణీని షరతుగా పెట్టింది. పరిశ్రమలో ఈ ఏర్పాటు అందరికీ తప్పనిసరి అయితే, కెర్నల్ లోపలా బయటా అన్న చర్చను తొందర లేకుండా చేసుకోవచ్చు.

తీరప్రాంతం:

తొందర ఉంది, అడ్మిన్ గారూ. 2025 జూన్‌లో మైక్రోసాఫ్ట్ కెర్నల్ బయట నుంచి పనిచేసే కొత్త భద్రతా వేదికను ప్రకటించి, జూలై నుంచి ఎంపిక చేసిన సంస్థలకు పరీక్షార్థం ఇస్తామని చెప్పింది. ఆ ఇంటర్‌ఫేస్ తుది రూపం తీసుకున్నాక మార్పించడం కష్టం. వేగుచుక్క గారు చెప్పిన జాప్యం ఎంత ఉండవచ్చు, బాటసారి గారు చెప్పిన చిన్న డ్రైవర్‌ను ఎవరు రాయాలి, డిఫెండర్ కూడా అదే ఇంటర్‌ఫేస్‌కు కట్టుబడుతుందా అన్న మూడింటికీ రాతపూర్వకమైన సమాధానాలు ఇప్పుడే అడగాలి. విండోస్‌ను వేల యంత్రాల మీద కొని వాడుతున్న ప్రభుత్వాలు, బ్యాంకులు, ఆసుపత్రులు తమ కొనుగోలు ఒప్పందాల్లోనే వీటిని చేర్చగలవు.