స్క్రాప్ యార్డు కంచెకు కరెంటు పెట్టాలా, వద్దా?

గజపతినగరం యార్డు:
అందరికీ నమస్కారం. విజయనగరం నుంచి సాలూరు వెళ్లే హైవే పక్కన నాకు పాత బండ్ల స్క్రాప్ యార్డు ఉంది. ముందు వైపు గోడ, గేటు ఉన్నాయి. వెనక జీడిమామిడి తోట, అటు ముళ్లకంచె మాత్రమే. దొంగలు అటు నుంచే వస్తున్నారు. బ్యాటరీలు, డైనమోలు, సెల్ఫ్ మోటార్లు పోతూనే ఉన్నాయి. మొన్న అమావాస్య రాత్రి ఒక యాక్సిడెంటు లారీలో వైరింగ్ మొత్తం బ్లేడుతో కోసి పట్టుకుపోయారు, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె, అదే ఈసీఎం, కూడా పీకేశారు. రాగి అమ్ముకుంటే వాళ్లకు వచ్చేది కొంచెమే. అదే వైరింగ్, ఈసీఎం సెట్టుగా అమ్మితే నాకు దానికి ఎన్నో రెట్లు వచ్చేది.

పక్క తోటవాళ్లు “పందులకు పెట్టినట్టు కంచెకు కరెంటు పెట్టెయ్” అంటున్నారు. మా బావమరిది వైరు కూడా కొని తెచ్చాడు. ఇంట్లో ఆవిడ వద్దంటోంది. రాత్రయితే చాలు టెన్షన్, నిద్ర పట్టడం లేదు. మీరేమంటారు?

రణస్థలం స్క్రాప్:
పెట్టు తమ్ముడూ, ఆలోచించకు. మా యార్డులో ఒకే వర్షాకాలంలో రెండుసార్లు పడ్డారు. కాపలాకు మనిషిని పెడితే అర్ధరాత్రి దాటాక నిద్రపోయాడు. కెమెరా పెడితే మొహానికి తువ్వాలు కట్టుకుని వచ్చి పని చూసుకుపోయారు. ఆ వీడియో చూసి ఎవరు మాత్రం ఏం పోల్చుకుంటారు? రెక్కలు ముక్కలు చేసుకుని కూడబెట్టిన సరుకు మనది. రాత్రిపూట మన హద్దు దాటి వచ్చినవాడికి ఏదైనా అయితే అది వాడి కర్మ. దొంగకు లేని భయం మనకెందుకు?

బొబ్బిలి ఎలక్ట్రీషియన్:
యార్డు అన్నా, ఆ వైరు చుట్ట ముందు షాపులో తిరిగి ఇచ్చేయండి. మన ప్లగ్గులో వచ్చే 230 వోల్టుల కరెంటు ఆగకుండా పారుతుంది. అది తగిలితే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నవాడు తీగను వదలలేడు. వానకు తడిసిన నేల, ఒట్టి కాళ్లు అయితే ఇక చెప్పక్కర్లేదు. పందుల కోసం పెట్టిన తీగ తగిలి రైతులు, కూలీలు, పశువులు చనిపోయిన వార్తలు చూస్తూనే ఉన్నాం. మీ కంచెను తెల్లవారుజామున తాకేది దొంగ కాదు, జీడిపిక్కలు ఏరుకోవడానికి వచ్చే ఆడవాళ్లు.

ఇంకో మాట. మీది పొలం కాదు, ఇనుప దిబ్బ. గాలికి తీగ తెగి ఒక కారు బాడీ మీద పడితే దాన్ని ఆనుకున్న బండ్లన్నిటికీ కరెంటు పాకుతుంది. పొద్దున్నే వచ్చి డోరు పట్టుకునేది మీ పనివాడు.

కంచెల కోసం వేరే యంత్రం ఉంది, ఎనర్జైజర్ అంటారు. 12 వోల్టుల బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. వేల వోల్టులే వదులుతుంది గానీ, సెకనులో వందో వంతు కూడా ఉండని చిన్న దెబ్బ కొట్టి, కనీసం ఒక సెకను ఆగి మళ్లీ కొడుతుంది. ఆ సందులో మనిషి చెయ్యి వెనక్కి లాక్కోగలడు. పెట్టాలనుకుంటే అది పెట్టండి. సర్వీసు వైరు మాత్రం కంచె దగ్గరికి కూడా రానివ్వద్దు.

విజయనగరం లాయరు:
రణస్థలం గారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ “వాడి కర్మ” అనే మాట కోర్టులో నిలబడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు మనల్ని, మన ఆస్తిని కాపాడుకునే హక్కు ఇస్తాయి. కానీ అవసరానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ చెబుతుంది. ఎదుటివాడి ప్రాణం పోయేంత వరకు వెళ్లే హక్కు 41వ సెక్షన్‌లో దోపిడీ, రాత్రిపూట తలుపులు పగలగొట్టి లోపలికి దూరడం, నిప్పు పెట్టడం లాంటి వాటికే ఉంది. మామూలు దొంగతనానికైతే మనకు ప్రాణభయమో, తీవ్రంగా గాయపడతామన్న భయమో కలిగే పరిస్థితి ఉండాలి. మీరు ఇంట్లో నిద్రపోతుంటే ఆ భయం ఎక్కడిది? మనిషి చనిపోతే తక్కువలో తక్కువ 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యం కేసు, అయిదేళ్ల దాకా జైలు. ప్రమాదం తెలిసే పెట్టారని తేలితే 105వ సెక్షన్, అంటే హత్య కిందికి రాని నరహత్య కేసు దాకా వెళ్తుంది.

రణస్థలం స్క్రాప్:
అంటే చట్టం దొంగను కాపాడడానికా సార్? నష్టపోయినవాడి గోడు ఎవరికి చెప్పుకోవాలి?

పాత విడిభాగాల వ్యాపారి:
బాబూ, ఇద్దరూ కాస్త నా మాట వినండి. విజయనగరంలో చాలా ఏళ్లుగా ఇదే వ్యాపారంలో ఉన్నాను. కంచె గురించి ఇంత మాట్లాడుతున్నారు గానీ, అమావాస్య దాకా ఆ లారీలో ఈసీఎం ఎందుకు ఉందో ఎవరూ అడగలేదు.

దొంగ బండి కోసం రాడు. బాడీ, ఛాసిస్ మోసుకుపోలేడు. వాడికి కావాల్సినవి బ్యాటరీ, వైరింగ్, ఈసీఎం, డైనమో, సెల్ఫ్ మోటారు, రేడియేటరు, సైలెన్సరుకు ముందుండి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్. ఆ కన్వర్టర్ లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది కాబట్టి గ్రైండర్ తెచ్చి మరీ కోస్తారు. ఇవన్నీ బండి వచ్చిన రోజే విప్పేయాలి. బ్యాటరీకి ముందు నెగటివ్ కేబుల్ తీసి, తర్వాత పాజిటివ్ తీయాలి. వైరింగ్‌ను కోయకుండా కప్లర్లు ఊడదీసి, చుట్ట కట్టి, బండి నంబరు చీటీ తగిలించి పాత లారీ కంటైనర్‌లో పెట్టాలి. తాళం కప్ప బయటికి వేలాడకూడదు. చుట్టూ ఇనుప పెట్టె వెల్డింగ్ చేయించి, కింది నుంచి చెయ్యి పెట్టి తాళం తీసేలా ఉంచితే కట్టర్ దూరదు. ఇన్సూరెన్స్ సర్వే కాని బండి, కేసులో ఉన్న బండి అయితే ఏదీ విప్పకూడదు కాబట్టి దాన్ని గేటు దగ్గర, లైటు కింద నిలపండి. మీ లారీని ఎక్కడ పెట్టారో నాకు తెలియదు గానీ, తోట వైపే ఉండి ఉంటుందని నా అనుమానం.

కంచెకు ఆనించి బండ్లు పేర్చవద్దు, అవే దొంగకు మెట్లు అవుతాయి. మనిషి నడిచేంత దారి చుట్టూ ఖాళీగా ఉంచండి. కెమెరాలు పెట్టండి, కానీ రికార్డింగ్ పెట్టె ఆఫీసు బల్ల మీద ఉంటే దాన్నే ఎత్తుకుపోతారు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, 2018లో తిత్లీకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ అంతే. కరెంటు పోతే కెమెరా పనిచేయదు, ఆ రాత్రే యార్డుకు మనిషి కావాలి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు విజయనగరం ఊరంతా, పోలీసులతో సహా, మూడు లాంతర్ల కూడలి దగ్గరే ఉంటుంది. ఆ రాత్రి యార్డు వదిలి రావద్దు.

ఇక అసలు సంగతి. ఏ లారీలో ఏముందో తోటలోంచి చూస్తే తెలియదు. లోపలివాళ్ల నోటి నుంచి బయటికి పోయి ఉంటుంది. అందరినీ అనుమానించమని కాదు. సరుకు బయటికి వెళ్లేటప్పుడు కాటా చీటీతో రిజిస్టరు సరిచూడండి. రేకుల కింద బ్యాటరీలు దాచి పంపడం నేను కళ్లారా చూశాను.

గజపతినగరం యార్డు:
మాస్టారూ, లారీ తోట వైపే ఉంది. సర్వే అయ్యేదాకా ముట్టుకోకూడదని అక్కడ వదిలేశాం. రేపే ముందుకు తెప్పిస్తాను. కాపలాకు మనిషిని పెట్టాలంటే ఒక్కడికే ఇవ్వగలను, ఒక్కడు రాత్రంతా మేలుకోగలడా?

పాత విడిభాగాల వ్యాపారి:
కష్టమే. రెండు ఊరకుక్కలను చేరదీసి, యార్డులోనే తిండి పెట్టి, రేబిస్ టీకాలు వేయించండి. అవి మొరిగితే మనిషి లేస్తాడు. కుక్కలు ఒక్కటే అయితే బిస్కెట్లకు లొంగుతాయి, మనిషి ఒక్కడే అయితే నిద్రకు లొంగుతాడు.

రణస్థలం స్క్రాప్:
ఇవన్నీ చేస్తాం మాస్టారూ. కానీ ఏ చీటీ అడగకుండా కొనే దుకాణం ఉన్నంత కాలం దొంగ ఉంటాడు. నా డైనమోలు సముద్రంలో పడలేదు కదా, ఎవడో కొన్నాడు.

విజయనగరం లాయరు:
ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. దొంగసొత్తని తెలిసి, లేదా నమ్మడానికి కారణం ఉండి కూడా కొంటే 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. కానీ ఆ డైనమో మీదేనని చూపించగలగాలి. ప్రతి భాగం మీదా లెటర్ పంచ్‌తో యార్డు గుర్తు కొట్టి, ఫోటో తీసి పెట్టుకోండి. ఆ గుర్తులు మీరూ మీరూ పంచుకుని, రెండు జిల్లాల యార్డులవాళ్లు కలిసి వెళ్లి ఎస్పీలకు ఇవ్వండి. ఒక్కడు ఇచ్చే ఫిర్యాదు కంటే దానికి బరువు ఎక్కువ.

రణస్థలం స్క్రాప్:
దానికి నేను ముందుంటాను. శ్రీకాకుళం వైపు యార్డులవాళ్లను పోగు చేసే బాధ్యత నాది. తీగ విషయంలో మాత్రం నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను.

గజపతినగరం యార్డు:
వైరు తిరిగి ఇచ్చేస్తున్నాను. ఎలక్ట్రీషియన్ అన్నా, ఆ ఎనర్జైజర్‌కు ఎర్తింగ్ ఎలా? మాది ఎర్రనేల, ఎండాకాలం రాయిలా ఉంటుంది.

బొబ్బిలి ఎలక్ట్రీషియన్:
ఆరడుగుల రాడ్లు మూడు, ఒకదానికొకటి పదడుగుల దూరంలో దింపండి. ఎండాకాలంలో వాటి మొదట్లో నీళ్లు పోస్తుండాలి. మీటరు ఎర్తింగ్‌కు కనీసం 10 మీటర్ల ఎడం ఉండాలి. ముందు తోట వైపు గోడ కట్టించి, తీగలు గోడకు లోపలి వైపు లాగించండి, బయట నడిచేవాళ్లకు అందకూడదు. పసుపు రంగు హెచ్చరిక బోర్డులు తెలుగులో రాయించి, బొమ్మతో సహా 10 మీటర్లకు ఒకటి పెట్టండి. గోడ లేచాక చెప్పండి, వచ్చి చూస్తాను.