వరదప్పుడు ఎవరి వార్త నమ్మాలి? ఛానళ్ల లింకులు ఇక్కడ ఆపేద్దామా?

లంక అరటి:
మొన్న వరదకి నాకు జరిగింది చెప్తాను, తర్వాత మీరే తేల్చండి. రాత్రి పదిన్నరకి ఇక్కడే ఎవరో ఒక లింకు పెట్టారు. ఎర్రటి అక్షరాలతో "గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక", కింద ధవళేశ్వరం బ్యారేజీ ఫొటో. మాది గట్టు దిగి ఏట్లోకి ఉన్న లంక, మూడోది ఎగరేశారంటే తోటలో నిలువెత్తు నీళ్లే. అన్నయ్యా నేనూ ఇద్దరు కూలీలని నిద్ర లేపి, టార్చిలైట్లు పట్టుకుని తెల్లారేదాకా గెలలు కోశాం, ఇంకా పది పన్నెండు రోజులు చెట్టునే ఉండాల్సిన కాయ. రావులపాలెం తీసుకెళ్తే వ్యాపారి గెలని ఇటూ అటూ తిప్పి, కాయ మీద వేలు పెట్టి రాసి, "పలకలు ఇంకా పోలేదు కదండీ" అన్నాడు, అంటే కాయ ఇంకా ముదరలేదని. సగం ధరకి ఇచ్చి వచ్చాం. తీరా చూస్తే ఆ మూడో హెచ్చరిక భద్రాచలంలోది! ఇక్కడ రెండోది దాటి అక్కడే ఆగిపోయింది నీరు.

అందుకే అడుగుతున్నాను, ఈ యూట్యూబ్ ఛానళ్లు, ఊరూ పేరూ లేని వెబ్‌సైట్లు ఇక్కడ పెట్టకుండా ఆపేద్దాం. పెద్ద పత్రికలవీ, ప్రభుత్వం చెప్పే లెక్కలూ చాలు.

వశిష్ట ఒడ్డు:
మీ గెలల సంగతి వింటే బాధగానే ఉందండీ, కానీ ఆ లింకు నేనూ చూశాను. అది ఊరూ పేరూ లేనిది కాదు, పెద్ద సంస్థ వెబ్‌సైటే. లోపల వార్తలో రెండో పేరాలో "భద్రాచలం వద్ద" అని శుభ్రంగా ఉంది కూడా. హెడ్డింగ్‌లో లేదు, ఫొటో మనది పెట్టారు. మరి ఇప్పుడు ఎవర్ని ఆపుదాం?

అదే రాత్రి మా వైపు గట్టుకి ఊట పడితే లైవ్ పెట్టింది ఒక కుర్రాడి ఛానలే. ఫోన్ పట్టుకుని వణుక్కుంటూ చూపించాడు, గట్టు అడుగున బురదనీళ్లు బుడబుడమంటున్నాయి. అది చూసే జనం ఇసుక బస్తాలతో పరిగెత్తారు. పేపర్లో వచ్చింది మర్నాడు కాదు, ఆ మర్నాడు, జిల్లా పేజీలో నాలుగు లైన్లు. మీ రూలు పెడితే ఆ వీడియో ఇక్కడికి వచ్చేది కాదు.

పాత విలేకరి:
పదకొండేళ్లు మండల విలేకరిగా చేశాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను. పేపరూ, దాని వెబ్‌సైటూ ఒకే పేరుతో ఉంటాయి కానీ రెండూ రెండు కొట్లు అనుకోండి. పేపర్‌కి నేను వార్త పంపితే డెస్క్ వాళ్లు ఫోన్ చేసి "ఏ ఊరు, ఎన్ని ఎకరాలు, ఎవరు చెప్పారు" అని ప్రాణం తీసేవారు, ఎడిషన్ టైముకి ఇంకా గంటలున్నాయి కాబట్టి. వెబ్ వాళ్లకి ఆ గంటలు లేవు. పక్క సైటు పెట్టేసిందంటే మనమూ పెట్టేయాలి. హెడ్డింగ్ పెట్టే కుర్రాడు హైదరాబాద్‌లో కూర్చుని ఉంటాడు, వాడికి భద్రాచలం అయినా ధవళేశ్వరం అయినా గోదావరే. కాబట్టి నలభై ఏళ్ల పేపర్ పరువు చూసి నిన్న రాత్రి పెట్టిన లింకుని నమ్మకండి.

ఇంకోటి. పేపర్ మీద ప్రెస్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసుకోవచ్చు, 1978 చట్టం ఉంది. వట్టి వెబ్‌సైట్లు దాని కిందకి రావు. వాటికి 2021 ఐటీ రూల్స్ వచ్చాయి, ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు పెట్టాలి, 15 రోజుల్లో తేల్చాలి. సైటు అడుగున ఆ పేరు, అడ్రసు ఉన్నాయో లేదో నేను ముందు చూస్తాను.

రేవు కబుర్లు:
పేరూ అడ్రసూ ఉంటే నిజం రాస్తారా విలేకరి గారూ? అరటిగారిని ముంచినవాళ్లకి అవి లేవా? 2017లో ఇంగ్లిష్ వికీపీడియా వాళ్లు బ్రిటన్‌లో లక్షలమంది కొనే డెయిలీ మెయిల్‌నే ఆధారంగా వాడకూడదని తీర్మానించుకున్నారు. పేరుకేం తక్కువ దానికి, శతాబ్దం పైబడిన పత్రిక.

వశిష్ట ఒడ్డు:
అది వాళ్లు ఏళ్ల తరబడి ఆ పత్రిక రాసిన తప్పులన్నీ ముందు పెట్టుకుని, వాదించుకుని చేసిన పని. మనం ఒక్క రాత్రి కోపంతో జాబితా రాస్తామంటున్నాం.

లాకుల మాష్టారు:
ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాను, నా మాటా వినండి. సైటు పేరు చూడకండి, రాసినవాడికి గోదావరి తెలుసో లేదో చూడండి. అది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

"బ్యారేజీ 175 గేట్లూ ఎత్తేశారు" అని ప్రతి ఏడూ ఒక వీడియో వస్తుంది, వెనకాల మ్యూజిక్‌తో. వరదొస్తే గేట్లన్నీ ఎత్తేయడం ఎప్పుడూ చేసేదే, అందులో ఘోరం ఏమీ లేదు. అది ఘోరంగా చెప్పాడంటే వాడికి తెలియదన్నమాట, లేదా తెలిసీ భయపెడుతున్నాడు. అలాగే భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులకి, అంటే 10, 13, 17 లక్షల క్యూసెక్కులకి. రెండు కొలతలూ వేరు, అక్కడ మూడోది వస్తే ఇక్కడా మూడోది రావాలని లేదు. పైగా శబరి నది గోదావరిలో కలిసేది కూనవరం దగ్గర, భద్రాచలం దిగువన. శబరి పొంగిందా లేదా చెప్పకుండా భద్రాచలం అంకె ఒక్కటే పట్టుకుని "కోనసీమకి గండం" అనేవాడిని నేను పట్టించుకోను. స్థలం, గంట, అడుగులు, ఈ మూడూ చెప్పినవాడు యూట్యూబ్ కుర్రాడైనా సరే వింటాను.

2022 జులైలో భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చినప్పుడు తీసిన వీడియోలే ఈ ఏడూ తిరుగుతున్నాయి. నీళ్లలో కొట్టుకొచ్చే ఆ గుర్రపుడెక్క గుంపు నాకు గుర్తే, మా ఆవిడ కూడా పట్టేసింది.

రేవు కబుర్లు:
మాష్టారూ, మీకు కాబట్టి తెలిసింది. రాత్రి పదిన్నరకి లంకలో ఉన్నవాడు శబరి ఎక్కడ కలుస్తుందా అని ఆలోచిస్తాడా? ఆ టెన్షన్‌లో ఎర్ర అక్షరాలే కనిపిస్తాయి.

కుర్రాడి ఛానల్:
ఆయ్, గట్టు మీద లైవ్ పెట్టింది నేనేనండి. మెచ్చుకున్నందుకు థాంక్స్. కానీ మీరు ఒకటి ఆలోచించాలి. మొన్న "ధవళేశ్వరం, ఉదయం 6 గంటలు, 13.9 అడుగులు" అని పెట్టాను, రెండొందల మంది చూశారు. "అయ్యో కోనసీమ" అని పెడితే నలభై వేలు. పెట్రోలు నా జేబులోంచే పోతోంది. అయినా ఇక నుంచి హెడ్డింగ్‌లో ఊరూ టైమూ రాస్తాను, మాష్టారి మీద గౌరవం.

లంక అరటి:
సరే, లింకులు ఆపమని ఇక అడగను, ఆ రాత్రి లోపలి పేరా చదవకపోవడం నా తప్పు కూడా. ఊరూ టైమూ లేని లింకు మాత్రం ఎవరు పెట్టినా తీసేయిద్దాం, పెద్దవాళ్లదైనా సరే. తమ్ముడూ, మాష్టారు చెప్పిన ఆ గుర్రపుడెక్క వీడియో మీ ఛానల్లో కూడా ఉంది, "తాజా" అని రాసి. ఇప్పుడే చూశాను. ముందు అది తీసెయ్యి.

కుర్రాడి ఛానల్:
దానికి లక్షన్నర వ్యూస్ ఉన్నాయండి.