వర్సిటీ పరిశోధన పత్రాల లెక్క కుదరడం లేదు

ప్రశ్న: రాజమండ్రిలోని మా వర్సిటీ ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్, కంప్యూటర్ సైన్స్ పత్రాల జాబితా కడుతున్నాను. పరిశోధన పత్రాల డేటాబేస్ స్కోపస్‌లో ఒక లెక్క, పత్రాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో మరో లెక్క. ఏది తీసుకోవాలండీ?

జవాబు: స్కాలర్‌లో థీసిస్‌లు, ప్రీప్రింట్లూ (జర్నల్‌లో అచ్చుకాక ముందే ఆన్‌లైన్‌లో పెట్టే పత్రాలు) కలిసిపోతాయి. స్కోపస్‌తో మొదలుపెట్టండి, కానీ రాజమండ్రి, రాజమహేంద్రవరం రెండు పేర్లతోనూ వెతకండి. ఊరి పేరు 2015లో మారినా పాతదే రాసేవాళ్లున్నారు. తర్వాత జాబితాలు కలిపి ఎక్సెల్‌లో డీఓఐని (ఒక్కో పత్రానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) బట్టి డూప్లికేట్లు తీసేయండి. జాగ్రత్త, డీఓఐ ఖాళీగా ఉన్న వరుసలన్నిటినీ ఎక్సెల్ ఒకటే అనుకుని ఒక్కటి మిగిల్చి మిగతావి చెరిపేస్తుంది. వాటిని ముందే వేరే షీట్‌లో పెట్టి, శీర్షిక, సంవత్సరం చూసి పోల్చండి.

మరో జవాబు: కంప్యూటర్ సైన్స్‌లో కాన్ఫరెన్స్ పత్రాలు వదిలేస్తే చాలా అన్యాయం, కంప్యూటర్ సైన్స్ పత్రాల ఆన్‌లైన్ జాబితా డీబీఎల్‌పీ చూడండి. కోనసీమ కౌలు రైతుల అప్పులు, భీమవరం రొయ్యల ధరల మీద తెలుగులో వచ్చినవి స్కోపస్‌లో దొరకడం కష్టం. అవి డిపార్ట్‌మెంట్ రిజిస్టర్లోంచే తీయాలండీ.