శరత్తు రాగానే మీ బట్టల ఇష్టాలు కూడా మారుతున్నాయా?

లేతఎండ

మే నెలలో ఎంతో మక్కువతో కొనుక్కున్న లేత నీలం లినెన్ చొక్కా ఒకటి ఉంది. వేసవి అంతా వారానికి రెండుసార్లు వేసుకున్నాను. సెప్టెంబరు మూడో వారంలో ఒక ఉదయం దాన్ని చేతిలోకి తీసుకుంటే, ఎవరిదో చొక్కా నా బీరువాలోకి వచ్చిపడినట్టు అనిపించింది. దాని రంగు వెలవలేదు, నాకు బిగుతు కాలేదు, చలి కూడా ఇంకా మొదలు కాలేదు. అయినా చెయ్యి దాన్ని పక్కకు జరిపి, ఆరు నెలలుగా తాకని మెరూన్ స్వెటర్ వైపు వెళ్ళింది.

ఇది ఈ ఒక్క ఏడాది సంగతి కాదు. ప్రతి ఏడూ ఇదే. వేసవిలో బరువుగా, దిగులుగా కనిపించిన రంగులే శరత్తులో ఆప్తుల్లా అనిపిస్తాయి. ఈ మార్పు ఎక్కడి నుంచి వస్తోంది? ఒంటి నుంచా, కంటి నుంచా, దుకాణాల అద్దాల వెనుక నిలబెట్టిన బొమ్మల నుంచా? మీలో ముందుగా మారేది రంగా, బట్టా? పొడవుగా రాసినా శ్రద్ధగా చదువుతాను.

పాతకోటు

నాలో ముందుగా మారేది బట్టల లెక్క. వేసవిలో ఒంటి మీద ఒకటే ఉంటుంది, శరత్తులో మూడు.

దీనికి కారణం చలి కాదు, చలికీ వెచ్చదనానికీ మధ్య ఉన్న ఎడం. తెల్లవారుజామున 8 డిగ్రీలు, మధ్యాహ్నం 21, రాత్రికి మళ్ళీ 10. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఈ సంగతి తెలియక, లోపల నూలు చొక్కా, దాని మీద ఒకే ఒక్క మందపు కోటు వేసుకుని తిరిగాను. మధ్యాహ్నం బస్సు కోసం పరుగెత్తితే చొక్కా చెమటతో తడిసింది. నూలు బట్ట తడిస్తే ఒక పట్టాన ఆరదు. సాయంత్రం చల్లగాలికి ఆ తడి వీపుకు అంటుకుపోయి వణికించింది. వారం రోజులు జలుబుతో పడుకున్నాను. జలుబుకు చెమటే కారణమని అనను కానీ, ఆ వణుకు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి ‘క్లో’ అనే ప్రమాణం ఉంది. 1941లో ప్రతిపాదించారు. 21 డిగ్రీల గదిలో కదలకుండా కూర్చున్న మనిషికి హాయిగా ఉండేంత దుస్తులు ఒక క్లో. ‘కదలకుండా కూర్చున్న’ అన్న మాటే ఇందులో అసలు కీలకం. అదే మనిషి వడివడిగా నడిస్తే ఒంట్లో పుట్టే వేడి రెండింతలు దాటుతుంది, కాబట్టి అంత బట్ట అక్కరలేదు. శరత్తులో మనం ఇంట్లో నిలబడి బట్టలు ఎంచుకుంటాం, వీధిలో నడుస్తూ వాటిని మోస్తాం. అందుకే ఇప్పుడు గుమ్మం దాటేటప్పుడు కాస్త చలి అనిపించేలానే బయలుదేరుతాను. పది నిమిషాల నడకలో సరిపోతుంది. పలుచని చొక్కా, దాని మీద గుండీలు విప్పుకోగల కార్డిగన్, ఆ పైన గాలిని ఆపే తేలికపాటి జాకెట్. పొరల మధ్య చిక్కిన గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది, ఒక్క మందపు బట్ట ఆ పని ఇంత బాగా చేయలేదు.

నూలుపోగు

నాలో మారేది స్పర్శ. ఇరవై ఏళ్ళుగా అల్లికలు అల్లుతున్నాను, అందుకే ఉన్ని గురించి నాలుగు మాటలు ఎక్కువ రాస్తే మన్నించండి.

చిన్నప్పుడు నాకు ఉన్ని అంటే పడేది కాదు. మెడ దగ్గర గుచ్చుకునే ఆకుపచ్చ స్వెటర్ ఒకటి ఉండేది. దాన్ని వేసుకోమంటే ఏడ్చేదాన్ని. ఉన్ని నా ఒంటికి సరిపడదని అందరూ తేల్చేశారు, నేనూ ముప్పై ఏళ్ళ దాకా అదే నమ్మాను. తర్వాత అల్లిక నేర్చుకునేటప్పుడు తెలిసింది, చాలామంది విషయంలో ఆ గుచ్చుకోవడం పోగు లావుకు సంబంధించినదని. 30 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించిన ముతక పోగు కొస చర్మానికి తగిలితే వంగదు, ముల్లులా నొక్కుతుంది. 20 మైక్రాన్లకు అటూ ఇటూ ఉండే మెరినో గొర్రెల ఉన్ని పోగు అయితే మెత్తగా వంగిపోతుంది. ఆ ఆకుపచ్చ స్వెటర్ మీద కోపంతో ఇన్నేళ్ళు ఉన్ని మొత్తాన్ని దూరం పెట్టానని అప్పుడు ఎంత బాధ వేసిందో చెప్పలేను.

అందుకే ఎవరైనా స్వెటర్ కొనేటప్పుడు అరచేతితో తడిమి చూస్తే ఆపుతాను. అరచేతి చర్మం మొద్దు. మెడ పక్కన గానీ మోచేతి లోపలి వైపు గానీ ఒక నిమిషం ఆనించి చూడండి, నిజం తెలుస్తుంది.

పాతకోటు గారు నూలు బట్ట తడి గురించి రాశారు కదా, ఉన్ని అక్కడే వేరు. తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. పైగా తేమను పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుదల చేస్తుంది. మంచు కురిసే ఉదయం పొడి గదిలోంచి బయటికి అడుగు పెట్టగానే స్వెటర్ మనల్ని పట్టుకున్నట్టు అనిపించేది అందుకే. వేసవిలో ఒంటికి దూరంగా నిలబడే బట్ట కావాలనిపిస్తుంది, శరత్తులో పట్టుకునే బట్ట కావాలనిపిస్తుంది. నా ఇష్టం మారడం అంటే అదే.

గోరింట

లేతఎండ గారూ, నా మటుకు మార్పు కంటితోనే మొదలవుతుంది. వేసవి మధ్యాహ్నపు తెల్లటి ఎండలో తుప్పు రంగు నిజంగా తుప్పులాగే ఉంటుంది. అక్టోబరు సాయంత్రం ఏటవాలు ఎండ పడితే అదే బట్ట లోపలి నుంచి వెలిగినట్టు ఉంటుంది. ఇటుక రంగు, తేనె రంగు, నాచు రంగు, కాఫీపొడి రంగు, నేరేడుపండు రంగు: వీటి పేర్లు పలుకుతుంటేనే నాకు సంబరంగా ఉంటుంది.

కానీ ఒక మెలిక ఉంది. మునిమాపు వేళ మన కన్ను రంగులను వేరేగా చూస్తుంది. వెలుతురు తగ్గేకొద్దీ ఎరుపులు ముందుగా నల్లబడతాయి, నీలాలు ఇంకాసేపు వెలుగుతూ నిలుస్తాయి. 19వ శతాబ్దంలో దీన్ని గమనించిన పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త పేరుతోనే ఈ మార్పును పిలుస్తారు. దుకాణంలో దీపాల కింద ధగధగలాడిన ముదురు ఎరుపు కోటు ఒకటి ముచ్చటపడి కొన్నాను. దాన్ని వేసుకున్న మొదటి రోజే సాయంత్రం ఆరున్నరకు అద్దంలో చూసుకుంటే నల్ల కోటులా ఉంది. అంతకంటే ముఖ్యం, అదే వారం రోడ్డు దాటుతుంటే ఒక కారు నా పక్కనే కీచుమని ఆగింది. నేను కనిపించలేదన్నాడు ఆయన. అది అబద్ధం కాదని తర్వాత అర్థమైంది. అప్పటి నుంచి ముదురు కోటు మీద మీగడ రంగు స్కార్ఫు తప్పనిసరి. చేతిసంచికి వెలుగు పడితే మెరిసే పట్టీ కుట్టించుకున్నాను. పొద్దు త్వరగా కుంగే రోజుల్లో నిలువెల్లా ముదురు రంగులు వేసుకునేవాళ్ళు దయచేసి దీన్ని పట్టించుకోండి.

చలిపొద్దు

నేను ఒప్పుకోను. ఆగస్టు చివర్లో, ఇంకా చెమటలు కారుతుండగానే, దుకాణాల్లో ఉన్ని కోట్లు వేలాడుతుంటాయి. ఫోను తెరిస్తే ఎవరో ఒకరు గోధుమరంగు కోటుతో ఎండుటాకుల మీద నడుస్తుంటారు. నెలరోజులు అదే చూశాక సెప్టెంబరులో మనకు ‘సహజంగా’ గోధుమరంగు మీద మనసు పోయిందంటే, అందులో మన ఇష్టం ఎంత?

రెండేళ్ళపాటు ఏ రోజు ఏది వేసుకున్నానో ఒక పుస్తకంలో రాసుకున్నాను. కొత్త సీజను మోజులో సెప్టెంబరులో కొన్నవాటిలో చాలా వరకు నాలుగైదు సార్లకు మించి వేసుకోలేదు. ఏటా మళ్ళీ మళ్ళీ వేసుకున్నవి పాత బూడిదరంగు స్వెటర్, డెనిమ్ జాకెట్, మా అక్క ఇచ్చిన శాలువా. ఈ మూడింటినీ ఏ ప్రకటనా నాకు చూపించలేదు.

లేతఎండ

చలిపొద్దు గారూ, మీ పుస్తకమే మీకు ఎదురు చెబుతోంది కదా! ప్రకటనలు చూసి కొన్నవి మూలపడ్డాయి. ఆ మూడూ మాత్రం ఏటా అదే వేళకు బయటికి వచ్చాయి. మోజు వేరు, ఇష్టం వేరు. నేను అడుగుతున్నది ఆ మూడింటి గురించే.

మేఘమాల

నాకు ఉద్యోగంలో యూనిఫాం. ఏడాది పొడవునా అదే నీలం. కాబట్టి శరత్తు నాకు మేజోళ్ళలో వస్తుంది. అక్టోబరులో మందపాటి ఆవరంగు మేజోళ్ళు మొదటిసారి తొడుక్కునే రోజు నాకు చాలా ఇష్టం. బూట్లలో ఉంటాయి, ఎవరికీ కనిపించవు. నాకు తెలుసు, అంతే చాలు.

వలసపిట్ట

కన్నా, ఒళ్ళా, దుకాణాలా అన్న ఈ వాదనకు నా దగ్గర ఒక జవాబు ఉందనుకుంటున్నాను.

ముప్పై నాలుగేళ్ళు ఉత్తరార్ధగోళంలో ఉండి, తర్వాత దక్షిణార్ధగోళానికి మారాను. అక్కడ శరత్తు మార్చిలో మొదలవుతుంది. మొదటి ఏడు సెప్టెంబరులో చుట్టూ చెట్లు చిగురిస్తున్నాయి, పగళ్ళు పెరుగుతున్నాయి, దుకాణాల నిండా పూల చీట్ల గౌన్లు. నాకు మాత్రం ముదురు ఆకుపచ్చ కార్డ్‌రాయ్ ప్యాంటు మీదికి మనసు పోయింది. వేసుకుని వెళితే అందరూ వింతగా చూశారు. ఉక్కపోత భరించలేక మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి మార్చుకున్నాను. చుట్టూ ఏ దుకాణమూ నాకు ఆ ప్యాంటు చూపించలేదు, చలీ లేదు. అంటే ఆ ఇష్టం నాలో ఏళ్ళ తరబడి పాతుకుపోయిన క్యాలెండరు.

మరుసటి మార్చిలో పగళ్ళు తగ్గుతున్నాయి, నేను ఇంకా లేత రంగుల్లోనే ఉన్నాను. మనసులో మాత్రం ఏదో దిగులు. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజుల్లో పగటి పొడవు అన్నిటికంటే వేగంగా మారుతుంది. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర రోజుకు మూడు నిమిషాలకు పైనే తగ్గుతుంది, వారంలో ఇరవై నిమిషాలకు పైగా పోతుంది. ఒళ్ళు దాన్ని గమనిస్తుంది, క్యాలెండరు ఒప్పుకోదు. ఆ ఏడంతా ఏ బట్ట వేసుకున్నా పరాయిదిగానే అనిపించింది. లేతఎండ గారూ, మీరు చొక్కా గురించి రాసిన వాక్యం చదివి అందుకే ఉలిక్కిపడ్డాను.

మూడో ఏడు మార్చి చివర్లో ఒక సాయంత్రం, ఆలోచించకుండానే అటక మీది పెట్టె దించి కార్డ్‌రాయ్ ప్యాంటు తీశాను. తొడుక్కున్నాక గాని తెలియలేదు, నెల మారిందని. ఆ రోజు కాసేపు ఏడ్చాను. ఆ ఊరు నాది అయిందని మొదటిసారి అనిపించింది ఆ రోజే.

గోరింట

వలసపిట్ట గారూ, మీ మాటలు చదివాక చెట్లు గుర్తొచ్చాయి. ఆకుల్లోని పసుపు శరత్తులో కొత్తగా పుట్టదు. మొదటి నుంచీ ఉంటుంది, పత్రహరితం తగ్గగానే బయటపడుతుంది. ఎరుపు మాత్రం చాలా చెట్లలో అప్పటికప్పుడు తయారవుతుంది. నా బీరువాలో ఆవరంగు ఎప్పుడూ ఉన్నదే, నేరేడుపండు రంగు మాత్రం ఈ రెండేళ్ళలో పుట్టింది. మీలో మార్చి శరత్తు కొత్తగా పుట్టిందన్నమాట.

కుట్టుమిషను

దుస్తులు సరిచేసే పని నాది. ఏటా ఇదే సమయంలో నా బల్ల మీదికి వచ్చేవి రెండు రకాలు: చిల్లులు పడ్డ ఉన్ని, కుదించుకుపోయిన ఉన్ని. రెండూ చూసి మనసు కష్టపడుతుంది, ఎందుకంటే రెండూ తప్పించదగినవే.

చిల్లులు చేసేది ఎగిరే పురుగు కాదు, దాని గుడ్ల నుంచి వచ్చే లార్వా. అది ఉన్నిలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ను తింటుంది. చెమట, మరకలు ఉన్న చోటంటే దానికి మరీ ఇష్టం. కాబట్టి వసంతంలో ‘ఒకసారే కదా వేసుకున్నాను’ అని ఉతకకుండా దాచకండి. ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, మూత గట్టిగా పట్టే పెట్టెలో పెట్టండి. కలరా ఉండల ఘాటు వారాల తరబడి వదలదు, ఊపిరికీ మంచిది కాదు. అనుమానం ఉన్న స్వెటర్‌ను సంచిలో చుట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఒక వారం ఉంచడం నేను ఎక్కువగా చెప్పే పద్ధతి. ఇక కుదించుకుపోవడం: వేడినీళ్ళు, రాపిడి కలిస్తే ఉన్ని పోగుల పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగుసుకుపోతాయి. అంతగా బిగిసినదాన్ని నేనూ విప్పలేను.

ఇంకొక మాట. ఈ మధ్య కొత్తవి కొనేవారికంటే పాతవాటికి గుండీలు మార్చమని, లోపలి అస్తరు వేయమని వచ్చేవారు పెరిగారు. నాకు ఎంతో సంతోషంగా ఉంది.

గోరింట

పాతకోటు గారూ, మొదటి నుంచీ అడగాలనుకుంటున్నాను. మీ పేరులోని ఆ కోటు ఏది?

పాతకోటు

మా నాన్నది. బూడిదరంగు ట్వీడ్. ఆయన పోయాక నాలుగేళ్ళు దాన్ని తీయలేదు. తీసిన రోజు చేతులు రెండంగుళాలు పొడవయ్యాయి. కత్తిరించమని దర్జీ దగ్గరికి వెళితే, కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టాడు. ఎప్పుడైనా విప్పుకోవచ్చు అన్నాడు. మా అబ్బాయి ఇప్పుడు నాకంటే పొడుగు. పోయిన ఆదివారం వేసుకుని చూశాడు. ఆ కుట్లు విప్పించాలా అని ఆలోచిస్తున్నాను.

కుట్టుమిషను

విప్పించండి. మడత ఉన్న చోట గీత పడి ఉంటుంది, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె ఆవిరితో నెమ్మదిగా అద్దమనండి. చాలా వరకు పోతుంది. పూర్తిగా పోకపోయినా పరవాలేదు.

లేతఎండ

ఈ ఉదయం ఆ లేత నీలం లినెన్ చొక్కా తీసి, దాని మీద మెరూన్ స్వెటర్ వేసుకున్నాను. మెడ దగ్గర నీలం ఒక్క వేలి వెడల్పున కనిపిస్తోంది. మధ్యాహ్నం రెండు గంటలకు స్వెటర్ విప్పి భుజాన వేసుకున్నాను. ఐదున్నరకు మళ్ళీ తొడుక్కున్నాను.