కత్తిపీటకు ఆముదమా, కుట్టుమిషను నూనా?

కోనసీమ వాసి:
నిరుడు ఆవకాయ ముక్కలు కొట్టడం పూర్తయ్యాక మా నాయనమ్మ కత్తిపీటను కడిగి, ఆవిడ చేసినట్టే ఆముదం దట్టంగా పట్టించి, గుడ్డ చుట్టి అటక మీద పెట్టాను. ఈ వేసవికి దించి చూస్తే కత్తంతా జిగట, దాని మీద దుమ్ము, పీటలోకి దిగిన చోట ఎర్రటి తుప్పు. కుట్టుమిషను నూనె మేలని ఒక మిత్రుడు అంటున్నారు. ఏది సరి?

పాత ఇనుము:
ఆముదం కాలం చెల్లిన అలవాటు. కుట్టుమిషను నూనె ఖనిజ తైలం (పెట్రోలియం నుంచి తీసినది), అది గాలికి ముక్కిపోదు, పలుచన కనుక సందుల్లోకి దిగుతుంది. జపాను ఖడ్గాలకు రాసే చోజి అనే లవంగ నూనెలో కూడా ఇప్పుడు అధికభాగం ఖనిజ తైలమే.

కొలిమి వీధి:
పాత ఇనుము గారి మాట గోడకు తగిలించే ఖడ్గానికి సరిపోతుంది, కాని కత్తిపీట మీద రేపు వంకాయ తరగాలి. కుట్టుమిషను నూనె తినడానికి చేసినది కాదు, ఎంత తుడిచినా కొబ్బరి కోరు పళ్ల సందుల్లో కొంత మిగులుతుంది. ఇక ఆముదం సంగతి: అవిసె నూనెలా అది గాలికి ఎండి పొర కట్టే జాతి కాదు, ఆ జిగట దాని సహజమైన చిక్కదనమే, కనుక తప్పు నూనెది కాదు, దట్టంగా పట్టించడానిది. అంతకంటే పెద్ద తప్పు పీట దగ్గర జరిగింది. మామిడి పులుపూ కడిగిన నీళ్లూ ఆ సందులోకి దిగితే చెక్క పీల్చుకుని రోజుల తరబడి వదలదు, పైన నూనె పూస్తే ఆ తడిని లోపల బంధించినట్టే. చుట్టిన గుడ్డ కోనసీమ చెమ్మను పట్టి ఉంచింది.

మా ఇంట్లో కడిగిన వెంటనే తుడిచి, ఒక పూట ఎండలో నిలబెట్టి, ఇనుము చేతికి వెచ్చగా తగిలాక నాలుగు చుక్కల ఆముదం రుద్ది, మళ్లీ పొడిగుడ్డతో తుడిచేస్తాం. మెరుపు కనబడాలి, వేలికి నూనె అంటకూడదు. మామిడి పులుపుకు పడిన నల్లని పొరను మాత్రం ఇటుక పొడితో తోమేయకండి, అది కొంతవరకు కాపే.

పాత ఇనుము:
తినదగిన రకం ఖనిజ తైలం కూడా దొరుకుతుందండీ, దానికి మీ అభ్యంతరం వర్తించదు. చెక్క సందు సంగతి మాత్రం నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను.

కోనసీమ వాసి:
మేకు ఊడదీసి చూశాను. సందులో నిరుటి మామిడి పీచు ఇంకా ఉంది.